చెయ్యి ఆగిపోయే వయసులో చిత్రకళ

అయిదేళ్ల పిల్ల చేతికి సుద్దముక్క దొరికితే అరుగు మీదో గోడ మీదో ఏదో ఒకటి గీయకుండా ఉండదు. అదే పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి తెల్లకాగితం ముందు చెయ్యి ముడుచుకుని "నాకు బొమ్మలు రావు" అంటుంది. తప్పదని చెబితే రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఒక కొబ్బరి చెట్టు, ఒక గుడిసె, పక్కన ఏరు వేసి ఇచ్చేస్తుంది. పక్కనున్న పిల్లవాడూ అదే వేస్తాడు. ఆ అయిదారేళ్లలో ఆమె భాష పెరుగుతుంది, లెక్క పెరుగుతుంది, పాటలో శ్రుతి కూడా కుదురుకుంటుంది. బొమ్మ ఒక్కటే ఉన్నచోట నిలిచిపోతుంది. మామూలు పెద్దవాళ్ల చేత బొమ్మ వేయిస్తే అది పదీ పన్నెండేళ్ల పిల్లల బొమ్మలాగే ఉంటుందని అమెరికన్ అధ్యాపకురాలు బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లోనే రాసింది. వయసుతో పాటు ఇది సహజంగా ఆగిపోతుందా, లేక ఆ వయసులో మనం నేర్పకపోవడం వల్ల ఆగిపోతుందా అనే విషయం మీద వందేళ్లకు పైగా వాదాలు సాగాయి, పరిశోధనలు జరిగాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన నిర్ణయం ఇది: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చూపు హఠాత్తుగా పెరుగుతుంది, చెయ్యి దాన్ని అందుకోలేకపోతుంది. ఆ అంతరాన్ని పూడ్చే బోధన సరిగ్గా ఆ మూడేళ్లలోనే కావాలి. మన బడులు సరిగ్గా ఆ మూడేళ్లలోనే పిల్లల్ని వదిలేస్తున్నాయి.

ఈ వయసు గురించి క్రమంగా రాసినవాళ్లలో ఒకడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్. వియన్నాలో చూపులేని పిల్లలకు కళ నేర్పి, నాజీల కాలంలో అమెరికా చేరుకున్న ఈయన 1947లో వెలువరించిన గ్రంథంలో పిల్లల బొమ్మల్ని దశలుగా విడదీశాడు. రెండేళ్ల నుంచి పిచ్చిగీతలు, నాలుగేళ్ల తర్వాత గుండ్రటి తలకు నేరుగా కాళ్లు మొలిచిన మనుషులు, ఏడేళ్లకు ఇల్లన్నా చెట్టన్నా ఒక స్థిరమైన గుర్తు. తొమ్మిదీ పన్నెండేళ్ల మధ్య ఆ గుర్తులు పిల్లలకే చాలవు. దూరంగా ఉన్న మనిషి చిన్నగా ఎందుకు కనపడతాడు, బల్లకు నాలుగో కాలు ఎక్కడికి పోయింది అనే సందేహాలు మొదలవుతాయి. పన్నెండు నుంచి పద్నాలుగు వరకు తన బొమ్మను తానే తీర్పరిలా చూసే దశ. లోవెన్‌ఫెల్డ్ దశల్ని తర్వాతి వాళ్లు చాలాచోట్ల సవరించారు. అన్ని సమాజాల్లోనూ అవి ఒకేలా ఉంటాయని ఇప్పుడెవరూ అనరు. అయినా ఆయన పట్టుకున్న ఒక సంగతి నిలిచింది. ఈ వయసు పిల్లలు బొమ్మ మానేయడానికి ఆసక్తి తగ్గడం కారణం కాదు. తమ బొమ్మలో ఏది తప్పుగా ఉందో వాళ్లకు కనపడుతుంది, ఎలా దిద్దాలో తెలియదు. తెలియనిదాన్ని తోటిపిల్లల ముందు బయటపెట్టుకోవడం కంటే మానేయడమే ఆ వయసుకు సులువు.

1980ల్లో హార్వర్డ్‌లో హోవార్డ్ గార్డ్‌నర్, ఎలెన్ విన్నర్ దీనికి ఇంకో రూపం ఇచ్చారు. చిన్నపిల్లల బొమ్మల్లో ఉండే జీవం బడి వయసులో పడిపోయి, కళాకారులయ్యే కొద్దిమందిలో మాత్రమే మళ్లీ పైకి లేస్తుందని వాళ్ల పరిశీలన. గ్రాఫు గీస్తే ఇంగ్లీషు యూ అక్షరంలా వస్తుంది. చాలాకాలం దీన్ని సార్వత్రిక సత్యంగా చెప్పుకున్నారు. 1997లో కెనడాలో డేవిడ్ పారిసర్, అక్సెల్ వాన్ డెన్ బెర్గ్ అదే పద్ధతిలో బొమ్మలు సేకరించి, అక్కడ స్థిరపడ్డ చైనీయుల చేత కూడా మార్కులు వేయించారు. ఆ న్యాయనిర్ణేతలకు యూ కనపడలేదు; వయసు పెరిగేకొద్దీ బొమ్మ మెరుగవుతోందన్నారు. అంటే పడిపోయినట్టు కనిపించేదాంట్లో కొంత భాగం చూసేవాళ్ల అభిరుచిలోనే ఉంది. పికాసో, క్లీ తర్వాతి ఆధునిక కళకు అలవాటుపడ్డ కంటికి అయిదేళ్ల బొమ్మ గొప్పగా కనిపిస్తుంది. కుంచె పట్టే క్రమాన్ని గౌరవించే సంప్రదాయంలో పెరిగిన కంటికి పద్నాలుగేళ్ల బొమ్మ గొప్పగా కనిపిస్తుంది. చైనా బడుల్లో పిల్లలు అంత నేర్పుగా ఎలా వేస్తారని విన్నర్ 1989లో ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాసింది. అక్కడ చిన్నతనం నుంచీ కుంచె గీతను మెట్టుమెట్టుగా నేర్పుతారు. నేర్పినచోట చెయ్యి ఆగలేదన్నది ఈ వివాదంలో నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. ఆ పద్ధతిలో పిల్లవాడి సొంత ఊహకు చోటు తక్కువైందన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ వయసుతో చెయ్యి మొద్దుబారడం ప్రకృతి ధర్మమన్న మాట మాత్రం ఇక నిలవదు.

మనకు చిత్రకళా బోధన రెండు పాత ధోరణుల నుంచి వచ్చింది, రెండింటి నీడా ఇంకా పోలేదు. ఒకటి లండన్ సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి. పారిశ్రామిక వస్తువులకు మంచి డిజైను గీసేవాళ్లను తయారుచేయడం కోసం హెన్రీ కోల్, రిచర్డ్ రెడ్‌గ్రేవ్ 19వ శతాబ్దం నడుమ 23 దశల పాఠ్యక్రమం రూపొందించారు: సరళరేఖలు, జ్యామితి ఆకారాలు, అచ్చుబొమ్మల నకళ్లు, ఆ తర్వాత ప్లాస్టర్ నమూనాలు. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో మొదలుపెట్టిన కళాశాల ద్వారా, ఆ తర్వాత డ్రాయింగ్ పరీక్షల ద్వారా ఆ బాణీ మన హైస్కూళ్లకు చేరింది. బోర్డు మీద మాస్టారు కూజా వేస్తే అరవైమంది అదే కూజా వేయడం దాని ఆనవాలే. దీనికి తిరుగుబాటుగా వచ్చింది రెండో ధోరణి. ఫ్రాంజ్ చిజెక్ 1897లో వియన్నాలో పిల్లల కోసం తరగతి తెరిచి, పెద్దలు చెయ్యి పెట్టకపోతే పిల్లలే కళ పండిస్తారన్నాడు. జపాన్‌లో యమమోతో కనాయె 1919లో నకలు బొమ్మలకు వ్యతిరేకంగా స్వేచ్ఛాచిత్ర ఉద్యమం నడిపాడు. ఈ ఉద్యమాలు పిల్లల బొమ్మకు గౌరవం తెచ్చాయి, ఆ రుణం పెద్దది. అయితే స్వేచ్ఛ పేరుతో ఏమీ చెప్పకపోవడం అయిదేళ్ల పిల్లకు మేలు చేస్తుందేమో గానీ, బల్ల నాలుగో కాలు ఎక్కడుందో తేల్చుకోలేక తంటాలు పడుతున్న పన్నెండేళ్ల పిల్లను "నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి" అని వదిలేయడం సహాయం నిరాకరించడమే. నకలు పద్ధతి ఆ పిల్లకు జవాబు ఇచ్చి ప్రశ్న తీసేసుకుంటుంది. స్వేచ్ఛా పద్ధతి ప్రశ్నను ఆమెకే వదిలేసి వెళ్లిపోతుంది.

ఈ రెండిటి మధ్య దారి వెతికినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో డడ్లీ బాలికల హైస్కూల్లో 1912 నుంచి పనిచేసిన మారియన్ రిచర్డ్‌సన్ ఒక దృశ్యాన్ని మాటల్లో వర్ణించి, పిల్లల్ని కళ్లు మూసుకుని ఆ దృశ్యాన్ని మనసులో పూర్తిగా చూడమనేది. చూశాకే కుంచె పట్టాలి. ఊహను కూడా సాధనతో పదును పెట్టవచ్చని ఆమె తరగతి చూపింది. మన దగ్గర శాంతినికేతనంలో నందలాల్ బోసు దగ్గర చదువుకున్న దేవీప్రసాద్, 1944 నుంచి సేవాగ్రాంలో గాంధీజీ నయీ తాలీమ్ పిల్లలకు కళ నేర్పి, ఆ అనుభవాన్ని విద్యకు కళే ఆధారమనే గ్రంథంగా రాశాడు. కుండ చేయడం, నేత నేయడం, బొమ్మ వేయడం ఆయన దృష్టిలో వేరువేరు గదులు కావు. తెలుగునాట అందరికీ గుర్తుండే ఉదాహరణ రాజమహేంద్రవరం. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే బొమ్మలు వేసే కుర్రాళ్లను చేరదీశాడు. వాళ్లలో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి, తిరిగొచ్చి సొంతఊళ్లో చిత్రకళాశాల పెట్టి, 1925లో చిన్న వయసులోనే మశూచితో పోయాడు. అడవి బాపిరాజు ఆ కూల్డ్రే శిష్యవర్గంలోంచే వచ్చాడు. తెలుగు చిత్రకళ చరిత్రలో ఇది మంచి అధ్యాయం. కానీ బడి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఆదర్శంగా చూపడంలో ఒక ప్రమాదం ఉంది. కూల్డ్రే చేసింది ప్రతిభను గుర్తించడం. బడి చేయవలసింది ప్రతిభ ఉందో లేదో తెలియని నలభైమందికీ నేర్పడం. లెక్కల మాస్టారు రామానుజం దొరికేదాకా ఆగడు గదా.

మరి నేర్పవలసింది ఏమిటి? నా దృష్టిలో మొదటిది చూడటం. ఒక ముఖం వేయమంటే ఈ వయసు పిల్లలు దాదాపు అందరూ కళ్లను తలకాయలో బాగా పైకి పెడతారు. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం వరకు కొలిస్తే కళ్లు ఇంచుమించు సరిగ్గా మధ్యలో ఉంటాయి. నుదురూ జుట్టూ మనకు ముఖ్యంగా తోచవు కాబట్టి వాటికి చోటు తగ్గిస్తాం. అంటే పిల్లవాడు ఎదుటి మనిషిని చూసి వేయడం లేదు, ముఖం గురించి తనకు తెలిసిన గుర్తును వేస్తున్నాడు. పెన్సిలును చేయి చాచి పట్టుకుని ఆ దూరం కొలవడం ఒక్క పీరియడులో నేర్పవచ్చు. కొలిచిన మరుక్షణం బొమ్మ మారిపోతుంది. బెట్టీ ఎడ్వర్డ్స్ పుస్తకం లక్షల చేతుల్లోకి వెళ్లడానికి కారణం ఇలాంటి అభ్యాసాలే. బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి వేయించడం, కుర్చీని వదిలేసి కుర్చీ కాళ్ల మధ్య కనపడే ఖాళీల ఆకారాలు వేయించడం, కాగితం వంక చూడకుండా ఆకు అంచు వెంబడి కన్ను ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిలు అంత నెమ్మదిగా కదిలించడం. చివరిది 1941లో వచ్చిన కిమోన్ నికోలాయిడీస్ పుస్తకం నాటికే ఉంది. మెదడు కుడిభాగం బొమ్మ వేస్తుంది, ఎడమభాగం అడ్డుపడుతుంది అన్న ఎడ్వర్డ్స్ సిద్ధాంతాన్ని మెదడు శాస్త్రవేత్తలు అంగీకరించరు, మన టీచర్ల శిక్షణల్లో దాన్ని ఇంకా శాస్త్రంగా చెప్పడం మానుకోవాలి. సిద్ధాంతం తేలిపోయినా అభ్యాసాలు పనిచేస్తాయి, ఎందుకంటే అవన్నీ పేరును పక్కనపెట్టి ఆకారాన్ని చూడమంటాయి. తలకిందులైన ముఖం ముఖంలా తోచదు కాబట్టి పిల్లవాడు తన గుర్తును వాడలేడు, ఉన్న గీతనే చూడవలసి వస్తుంది.

ఇక్కడ నకలు గురించి ఒక మాట. పిల్లలు ప్రకృతిని చూసి వేస్తారన్న నమ్మకాన్ని బ్రెంట్ విల్సన్, మార్జరీ విల్సన్ 1977లో ప్రశ్నించారు. కౌమారంలో ఉన్నవాళ్ల బొమ్మలు వెతికితే ప్రతిదానికీ వెనక ఇంకో బొమ్మ దొరికింది: కామిక్సు, టీవీ, స్నేహితుడి నోటుబుక్కు. మన పిల్లలూ అంతే. అభిమాన హీరో ఫొటో మీద గడులు గీసి, కాగితం మీద గడులు గీసి, ఒక్కొక్క గడీ ఎక్కించే ఎనిమిదో తరగతి కుర్రాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. జపాన్ యానిమే కళ్లు వేసే అమ్మాయీ ఉంటుంది. వీళ్లను తప్పుపట్టే చిత్రకళా పాఠం పిల్లల మీద నెగ్గదు. చేర్యాల నకాశీ కళాకారులు గాని, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గాని ఇంటి పెద్దల గీతను అనుకరించే నేర్చుకున్నారు. అనుకరణ ఒక మెట్టు, దాని మీదే నిలబెట్టేస్తేనే నష్టం. గడుల పద్ధతిలో హీరోను ఎక్కించిన కుర్రాడిని అదే హీరోను ఇంకో వైపు నుంచి, ఇంకో వెలుతురులో వేయమంటే అతనికి ఇప్పుడు కొలత, నీడ కావాలి. అప్పుడు నేర్పితే పట్టుకుంటాడు.

చూడటంలో రెండో సగం ఇతరులు వేసిన బొమ్మల్ని చూడటం. మన పాఠ్యప్రణాళికల్లో అన్నిటికన్నా పేదగా ఉన్న భాగం ఇదే. అమెరికాలో 1980ల నుంచి గెట్టీ సంస్థ కళా విద్యలో తయారీతో పాటు చరిత్ర, విమర్శ, సౌందర్య విచారం కూడా ఉండాలని పట్టుబట్టింది. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ రూపొందించిన పద్ధతి ఇంకా సరళం: బొమ్మ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఇందులో ఏం జరుగుతోంది, ఏది చూసి అలా అంటున్నావు, ఇంకా ఏం కనపడుతోంది అని మూడే ప్రశ్నలు అడుగుతారు. వీటిలో రెండోదే అసలు ప్రశ్న, అది పిల్లల చేత ఆధారం చూపిస్తుంది. ఇలాంటి చూపుకు కొలవదగ్గ ఫలితం ఉందా అంటే, ఆర్కన్సాస్‌లోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం తెరిచాక జరిగిన అధ్యయనం ఉంది. చూడటానికి వస్తామన్న బడులు ఎక్కువ కావడంతో ఎవరు ముందు రావాలో లాటరీ తీశారు. ఆ లాటరీయే పరిశోధకులకు నమ్మదగిన పోలిక ఇచ్చింది. 123 బడులకు చెందిన దాదాపు 11,000 మందిని పరీక్షిస్తే, మ్యూజియం చూసి వచ్చినవాళ్లు కొత్త బొమ్మను విశ్లేషించడంలో మెరుగ్గా ఉన్నారని 2014లో ప్రకటించారు. పల్లె బడుల పిల్లల్లో, పేద పిల్లల్లో ఆ లాభం ఇంకా ఎక్కువ. మనకు లేపాక్షి పైకప్పు చిత్రాలున్నాయి, అమరావతి శిల్పాల మ్యూజియం ఉంది, విజయవాడలో బాపు మ్యూజియం, రాజమహేంద్రవరంలో దామెర్ల గ్యాలరీ, హైదరాబాదులో స్టేట్ మ్యూజియం, సాలార్‌జంగ్ ఉన్నాయి. విహారయాత్ర పేరుతో బస్సులు అక్కడికి వెళ్తూనే ఉన్నాయి. వందలమంది వరసగా అన్ని గదులూ నడిచి బయటపడే బదులు, ఒక్క బొమ్మ ముందు ఇరవై నిమిషాలు కూర్చుంటే ఖర్చు పెరగదు, పాఠం మాత్రం మారుతుంది.

చిత్రకళను సమర్థించేవాళ్లు తరచు చేసే ఒక వాదనను మాత్రం నేను ఒప్పుకోలేను. బొమ్మలు వేస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని, తెలివి పెరుగుతుందని తల్లిదండ్రులకు చెబుతుంటారు. ఎలెన్ విన్నర్ బృందం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ సమీక్షించి, కళ నేర్చుకోవడం వల్లే చదువులో మార్కులు పెరిగాయనడానికి ఆధారం లేదని 2000లో తేల్చింది. కళ నేర్చే పిల్లలకు మార్కులు ఎక్కువ రావడం నిజమే గాని, వాళ్ల ఇళ్లూ బడులూ మొదటినుంచే మెరుగైనవి కావచ్చు. 2013లో ఓఈసీడీ కోసం చేసిన మరో సమీక్షలోనూ దృశ్యకళల విషయంలో పెద్ద తేడా కనపడలేదు. ఆ తర్వాత వచ్చిన గట్టి ఆధారం హ్యూస్టన్ ప్రయోగం. 42 బడుల్లో, మూడు నుంచి ఎనిమిదో తరగతి వరకు 10,000 మందికి పైగా పిల్లల మీద లాటరీ పద్ధతిలో జరిగిన ఈ అధ్యయనాన్ని డానియెల్ బోవెన్, బ్రయాన్ కిసిడా 2019లో ప్రకటించారు. కళా కార్యక్రమాలు పెరిగిన బడుల్లో క్రమశిక్షణ చర్యలకు గురైన పిల్లలు 3.6 శాతం పాయింట్లు తగ్గారు, రాతలో మార్కులు కొంత పెరిగాయి, ఇతరుల పట్ల కనికరం పెరిగింది. అందులో నాటకం, సంగీతం, నృత్యం కూడా ఉన్నాయి కాబట్టి ఫలితమంతా బొమ్మల ఖాతాలో వేయడం సరికాదు. నా ఉద్దేశంలో చిత్రకళను ఇంకో సబ్జెక్టు మార్కులకు జామీనుగా నిలబెట్టడం దానికి అపకారం. రేపు ఇంకో అధ్యయనం ఆ లాభం లేదంటే పీరియడు తీసేయడానికి మనమే కారణం ఇచ్చినట్టవుతుంది. బోస్టన్ ప్రాంతంలో రెండు కళాపాఠశాలల తరగతుల్ని గమనించి విన్నర్, లోయిస్ హెట్లాండ్ తదితరులు 2007లో రాసిన పుస్తకం ఇంతకంటే నిజాయితీగా మాట్లాడుతుంది. మంచి చిత్రకళ తరగతిలో పనితనంతో పాటు శ్రద్ధగా గమనించడం, లేనిదాన్ని ఊహించడం, విసుగు వచ్చినా వదలకుండా ఉండటం, తప్పునుంచి కొత్తదారి తీయడం, తన పనిని తానే విమర్శించుకోవడం నేర్పుతున్నారని వాళ్లు చూపారు. లెక్కల మార్కు పెరిగినా పెరగకపోయినా ఇవి పిల్లలకు కావలసినవే.

ఇప్పటి విధానాల్లో వినపడుతున్న మాట కళా సమన్వయం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళల్ని తప్పనిసరి చేయాలంది. 2019లో సీబీఎస్ఈ వారానికి కనీసం రెండు కళా పీరియడ్లు ఉండాలని, మిగతా పాఠాల్లోనూ కళను కలపాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశం, సహపాఠ్యాంశం అన్న గోడే వద్దంది. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతికి 'కృతి' పేరుతో కళల పాఠ్యపుస్తకమే తెచ్చింది. ఇవన్నీ మంచి అడుగులు. కానీ సమన్వయం ఆచరణలో ఎలా తయారవుతుందో చూస్తే భయం వేస్తుంది. కిరణజన్య సంయోగక్రియ చార్టుకు స్కెచ్ పెన్నులతో రంగు నింపితే, మోడలుకు థర్మకోల్ అంటిస్తే కళ కలిసిపోయినట్టే లెక్క. ఆ చార్టు వేయించవద్దని అనను. ఒక పదాన్ని రాసుకున్నదానికంటే బొమ్మగా వేసుకుంటే ఎక్కువ గుర్తుంటుందని కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రయోగాలతో చూపారు. సైన్సు టీచర్లు దాన్ని తప్పక వాడుకోవాలి. అది సైన్సు నేర్చుకునే ఉపాయం. అందులో బొమ్మ నేర్చుకోవడం జరగదు. రాయడం అన్ని పాఠాల్లోనూ ఉంటుంది, అయినా తెలుగు పీరియడు తీసేయం. చిత్రకళకు సొంత పీరియడు ఉన్నప్పుడే సమన్వయానికి ఇవ్వడానికి దాని దగ్గర ఏదైనా ఉంటుంది.

వేళ లేదన్న అభ్యంతరానికి బరువుంది. ఎనిమిదో తరగతిలోనే పదో తరగతి పాఠాలు, ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు మొదలయ్యే బడుల్లో వారానికి రెండు పీరియడ్లు అడగడం చాలామందికి గొంతెమ్మ కోరికలా తోస్తుంది. అయితే చదువులో పోటీ మనకంటే తక్కువేమీ లేని జపాన్‌లో మాధ్యమిక పాఠశాల మూడేళ్లలోనూ కళ తప్పనిసరి సబ్జెక్టు. మొదటి ఏడాది 45 పీరియడ్లు, తర్వాతి రెండేళ్లు 35 చొప్పున. అంటే వారానికి ఒకటికి కొంచెం అటూ ఇటూ. ఆ ఒక్కటీ ఎవరూ లాక్కోరు కాబట్టి అది చాలుతోంది. మన టైంటేబుల్లో పీరియడు లేకపోవడం కంటే, ఉన్న పీరియడు సిలబస్ పూర్తికాని సబ్జెక్టుకు పోవడం పెద్ద సమస్య. మార్కులు వేయలేమన్నది మరో అభ్యంతరం. సమ్మెటివ్ పరీక్షలాగా ఒక్క గంటలో ఒక్క బొమ్మ వేయించి మార్కులు వేస్తే నిజంగానే అన్యాయం జరుగుతుంది. 1980ల రెండో సగంలో పిట్స్‌బర్గ్ బడుల్లో హార్వర్డ్ పరిశోధకులు, ఈటీఎస్ పరీక్షా సంస్థ కలిసి నడిపిన ఆర్ట్స్ ప్రొపెల్ దీనికి ఒక దారి చూపింది. పిల్లలు మొదటి చిత్తు గీతల నుంచి చివరి బొమ్మ దాకా అన్నీ ఒక ఫైలులో దాచుకుంటారు, ఎక్కడ ఎందుకు మార్చామో రాసుకుంటారు; టీచరు ఆ ప్రయాణానికి విలువ కడతారు. పక్కవాడితో పోలిక లేదు. జూన్‌లో వేసిన తన చేతి బొమ్మకూ మార్చిలో వేసిన తన చేతి బొమ్మకూ మధ్య తేడాను పిల్లవాడే చూసుకోగలడు. మన రెండు రాష్ట్రాల్లో ప్రగతి పత్రంలో కళావిద్యకు గ్రేడు ఉండనే ఉంది. దాని వెనక ఇలాంటి ఫైలు ఉంటే ఆ గ్రేడుకు అర్థం వస్తుంది. పుట్టుకతో వచ్చేదాన్ని నేర్పలేమన్న మాటకు వేరే జవాబు అక్కర్లేదు, ఆ ఫైలే జవాబు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న టీచరు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల సంఖ్య 100 దాటినచోట కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలంటుంది. ఆ లెక్కన వంద దాటని ప్రాథమికోన్నత పాఠశాలకు చట్టం ప్రకారం చిత్రకళ టీచరు అవసరమే లేదు. దాటినచోట కూడా పూర్తికాలం మనిషి అవసరం లేదు. పల్లె పిల్లలకు మ్యూజియం వల్ల ఎక్కువ మేలు జరిగిందని చెప్పే సాక్ష్యాన్ని ఈ నిబంధన పక్కన పెట్టి చూడండి: ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే లేకుండా పోతోంది. ఈ షెడ్యూలు మారాలి. మారేలోగా నాలుగైదు బడులకు కలిపి ఒక డ్రాయింగ్ మాస్టారిని పెట్టి, వారంలో ఒక్కో రోజు ఒక్కో బడికి పంపడానికి అడ్డేమీ లేదు. స్థానిక నిపుణుల్ని బోధకులుగా తీసుకోవచ్చని 2020 విధానం అంటోంది గనుక చేర్యాల, పెడన, నిమ్మలకుంట, ఏటికొప్పాక, నిర్మల్ చుట్టుపక్కల బడులకు అది అందివచ్చిన అవకాశం. శ్రీకాళహస్తి కలంకారీ ఒక్కటి తీసుకోండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ, వెదురు కలం, తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన కసిమి. కలం గుడ్డను తాకగానే కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఏడో తరగతి పిల్లలకు ఇందులో గీత ఉంది, రసాయనం ఉంది, తమ జిల్లా చరిత్ర ఉంది. ఖర్చు ఒక నోటుబుక్కు ధరను మించదు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు, పొయ్యి బొగ్గుతో నలుపు, జేగురు, సుద్ద. చుక్కల ముగ్గు వేసే ప్రతి అమ్మాయికీ సౌష్ఠవం చేతికి తెలుసు, దాన్ని కాగితం మీదికి తెచ్చేవాళ్లు కావాలి. డబ్బు లేకపోవడం చిత్రకళకు నిజమైన అడ్డంకి అని నేను నమ్మను.

ఫోనులో నాలుగు మాటలు చెబితే యంత్రమే బొమ్మ వేసిపెడుతున్న రోజుల్లో ఈ కష్టమంతా దేనికని అడిగేవాళ్లు పెరుగుతున్నారు. ఈ పీరియడు అమ్మకానికి బొమ్మలు తయారుచేయడానికి పెట్టింది కాదు. పన్నెండేళ్ల పిల్ల ఒక చెప్పుల జతను నలభై నిమిషాలు చూసి వేసినప్పుడు, తన కంటికీ చేతికీ మధ్య ఉన్న దూరాన్ని కొంత తగ్గించుకుంటుంది. ఆ పని యంత్రం ఆమె బదులు చేయలేదు. పైగా రోజుకు వందల బొమ్మలు కళ్ల ముందు జారిపోతున్న పిల్లలకు, ఏది చూసి అలా అంటున్నావు అన్న ప్రశ్న మునుపెన్నటికన్నా ఎక్కువ అవసరం.

ప్రధానోపాధ్యాయులకు, బడి యాజమాన్య కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగకండి. వచ్చే జూన్ నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల టైంటేబుల్లో వారానికి రెండు పీరియడ్లు వరసగా వచ్చేలా చిత్రకళకు పెట్టండి, పరీక్షల ముందు కూడా వాటిని ఎవరికీ ఇవ్వకండి. ప్రతి పిల్లకూ మూడేళ్లూ దాచుకునే ఒక ఫైలు ఇవ్వండి. డ్రాయింగ్ మాస్టారు లేకపోతే బొమ్మల మీద ఇష్టం ఉన్న ఏ టీచరైనా సరే, ఆకు అంచుతో మొదలుపెట్టమనండి.